‘లేదు సార్’ అనే జబ్బు

ఈ మొదటి వాక్యాన్ని ఆగకుండా, పైకి, ఒక్క ఊపిరితో చదవగలుగుతున్నాను కాబట్టి ఇది రాయడానికి కూర్చున్నాను. ఫిబ్రవరిలో అయితే ‘ఆగకుండా’ అన్న మాట దగ్గరే ఆగిపోయేవాణ్ని.

నా పేరు దానియేలు. వయసు నలభై ఏడు. కేజీఎఫ్‌లో గని కార్మికుల లైన్లలో పుట్టి, ఆ ఇంట్లోనే పెరిగి, అక్కడి నుంచే రోజూ రైలెక్కి మాలూరులో ఒక ఫ్యాక్టరీకి పనికి వెళ్లేవాణ్ని. భూమి కింద ఒక్క రోజు కూడా పని చెయ్యలేదు. అయినా నా కుడి ఊపిరితిత్తిలో ఒక గడ్డ దొరికింది. మా ఊళ్లో గడ్డలు పగలగొట్టి బంగారం తీసేవాళ్లు. నా గడ్డలో బంగారం లేదు గానీ, దాన్ని బయటపెట్టడానికి తవ్వకం మాత్రం బాగానే జరిగింది. తవ్వింది డాక్టరు, పూడ్చింది నేను.

జబ్బు గురించి డాక్టర్లకు తెలిసిన సంగతులు నాకు తెలియవు. నేను చెప్పగలిగింది నేను చేసిన తప్పు గురించే. అది మా లైన్లలో చాలామంది చేసేదే. అందుకే రాస్తున్నాను.

డిసెంబరు

క్రిస్మస్‌కు ముందు మా చర్చి మీద నక్షత్రం కట్టే పని ఏటా నాదే. ఈసారి నిచ్చెన జారింది. చర్చి పైనుంచి పడ్డానంటే కొంచెం పరువుండేది. నేను పడింది కింది నుంచి మూడో మెట్టు మీద నుంచి. నక్షత్రానికి ఏమీ కాలేదు. నా ఎడమ చీలమండ చిట్లింది.

మోకాలి దాకా సిమెంటు కట్టు వేశారు. కాలు మీద కాలు వేసుకుని కూర్చునే యోగం నా జాతకంలో ఉందని ఎవరూ చెప్పలేదు. నిజానికి కుర్చీ మీద నేను, ఇంకో కుర్చీ మీద కాలు. ఐదు వారాలు అలాగే గడిచాయి. మా ఆవిడ సుగుణ ఇంట్లోనే కుట్టుమిషన్ మీద రవికలు కుడుతుంది. మిషన్ ఆపినప్పుడల్లా ఒకే మాట అనేది. “సుమ్నె, ఊరికే కూచోవద్దండి, వేళ్లైనా ఆడించండి.” వేళ్లు ఆడించాను, రిమోట్ మీద.

జనవరి చివర

కట్టు విప్పారు. కట్టుకథ అప్పుడు మొదలైంది.

ఎముకల డాక్టరు కాలు తిప్పి చూసి, పిక్క వాచినా, నొప్పి పుట్టినా వెంటనే వచ్చి చెప్పమన్నాడు. సరే అన్నాను. మర్నాడే ఫ్యాక్టరీకి వెళ్లాను. నాది కాంట్రాక్టు పని. తయారైన సామాను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూసి, పగులున్నదాన్ని పక్కన పెట్టాలి. ఐదు వారాలు నా స్థలంలో ఇంకొకరు నిలబడి చూశారు. ఆ మనిషి నాకంటే చురుకైనవాడని సూపర్‌వైజరు నా ముందే అన్నాడు. తర్వాత ఒక కాగితం పట్టుకుని అడిగాడు.

“నొప్పి ఉందా?”

“లేదు సార్.”

“వాపు?”

“లేదు సార్.”

పగులున్నదాన్ని పక్కన పెట్టడమే నా ఉద్యోగం. ఆ రోజు పగులున్నది నేనే, పాస్ చేసుకున్నదీ నేనే.

వారం తిరక్కుండానే ఎడమ పిక్క బరువెక్కింది. పిక్కబలం చూపించడం అంటే పారిపోవడం కదా, నా పిక్క నన్ను కదలనివ్వకుండా పట్టుకుంది. సాయంత్రానికి మేజోడు అంచు చర్మంలోకి దిగి గీత పడేది. సుగుణ ఆ గీత చూడకుండా తలుపు చాటున ప్యాంటు మార్చుకునేవాణ్ని. పెళ్లయిన కొత్తలో కూడా అంత సిగ్గు పడలేదు.

“కాలు ఎట్లుండాది?” అని మా అమ్మ రోజూ అడిగేది. ఆమెకు డెబ్బై మూడేళ్లు.

“బాగుండాదమ్మా.”

అంతటితో ఊరుకునేది. ఎందుకు ఊరుకునేదో చెప్పాలంటే కొంచెం వెనక్కి పోవాలి.

చిన్నప్పటి ఒక సాయంత్రం

మా నాయన గనిలో డ్రిల్లింగ్ మనిషి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరుతుందని ఏడాదికొకసారి కార్మికులకు ఛాతీ పరీక్ష జరిగేది. ఆయాసం ఉన్నట్టు తేలితే భూమి కింద పని మానిపించి పైన ఏదో తేలిక పనికి మార్చేవాళ్లు. అది వాళ్ల మంచికే. కానీ పైన జీతం తక్కువ. పైగా ‘అన్‌ఫిట్’ అన్న మాట ఇంటి పేరుకు అంటుకునేది. అందుకని పరీక్షకు ముందు రోజు సాయంత్రం మా లైన్లలో ఇంటింటా రిహార్సల్ జరిగేది. మిగతా ఊళ్లలో పిల్లలకు పరీక్షలుంటే పెద్దలు చదివిస్తారు. మా లైన్లలో పెద్దలకు పరీక్షలుంటే పిల్లలు చదివించేవాళ్లం.

నాయన ముక్కాలిపీట మీద కూర్చునేవాడు. నేను పలక పట్టుకుని ఎదురుగా నిలబడే డాక్టర్ని. గొంతు పెద్దది కాబట్టి నాకా పదవి ఇచ్చారు. అమ్మ గరిటె పట్టుకుని పక్కన ఉండేది.

“దగ్గు ఉండాదా?”

“లేదు సార్.”

“కళ్లె పడతాదా?”

“లేదు సార్.”

“మెట్లెక్కితే ఆయాసం ఉండాదా?”

ఇక్కడ నాయన కొంచెం ఆలస్యం చేసేవాడు. గరిటె పీట మీద టక్కుమనేది. “మళ్లీ చెప్పప్పా. లేదు సార్ అని నోరు మూసుకో. ఇంగ ముక్కుతోనే ఊపిరి తీసుకో,” అనేది అమ్మ. ఆయన మళ్లీ చెప్పేవాడు. అన్నీ సరిగ్గా వస్తే అమ్మ గరిటె దించి, “బాగా చెప్పినావు,” అనేది. మర్నాడు పొద్దున మిరియాల కషాయం పట్టించి పంపేది. అది రెండు గంటలు దగ్గును ఆపేది. పరీక్షకు ఆ రెండు గంటలు చాలు.

మా నాయన ఏ పరీక్షా తప్పలేదు. అన్నీ పాసై, యాభై నాలుగో ఏట, దిండుకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. గని మూతపడింది. కానీ కాగితం పట్టుకుని ఎవరు ప్రశ్న అడిగినా ‘లేదు సార్’ అనే అలవాటు మా ఇళ్లలో మూతపడలేదు. జనగణన మనిషి వచ్చి ఇంట్లో ఎలుకలున్నాయా అని అడిగినా లేదు సార్ అనే రకం మేము.

ఫిబ్రవరి, ఒక సోమవారం

బంగారపేట స్టేషన్లో రైలు మారడానికి వంతెన మెట్లెక్కాలి. సగం మెట్ల దగ్గర కుడి డొక్కలో సూది గుచ్చినట్టయింది. ఊపిరి లోపలికి తీసుకుంటే చాలు, గుచ్చుతోంది. సరే, తీసుకోవడం తగ్గిద్దామనుకున్నాను. ఊపిరి విషయంలో పొదుపు కుదరదని పది మెట్లలో తెలిసింది. ఛాతీ చుట్టూ ఎవరో పంచె బిగించి ముడి వేస్తున్నట్టుంది. గుండె అరుగు మీంచి దూకి పరిగెడుతున్నట్టుంది. కూర్చుండిపోయాను.

రోజూ నాతో రైల్లో వచ్చే మునిరాజు టేకల్‌లో దిగి మేస్త్రీ పనికి పోతాడు. ఆ రోజు దిగాల్సిన చోటికి పోనే లేదు. నన్ను పైకి లేపి, మెట్లు దింపి, ఆటోలో పడేసి, “కోలారుకు పోనీ అన్నా, బిరబిరా పోనీ,” అన్నాడు. దారంతా నా భుజం పట్టుకునే ఉన్నాడు. ఆ రోజు కూలి పోయిందని తర్వాత ఎప్పుడూ అనలేదు. నేను అడిగితే, “నువ్వు పోయింటే బాధగానీ కూలి పోతే యేముంది,” అన్నాడు.

కోలారు ఆసుపత్రి ఎమర్జెన్సీలో ముందు గుండె పరీక్ష చేశారు. గుండెపోటు కాదన్నారు. మునిరాజుకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. నాకూ వచ్చింది గానీ నవ్వితే డొక్క గుచ్చింది. కాసేపు కూర్చోమన్నారు. మంచాలన్నీ నిండి ఉన్నాయి. బెంచీ మీద టమాటా మండీ నుంచి మొగుణ్ని తీసుకొచ్చిన ఒకామె ఉంది. చీర కొంగు నిండా మార్కెట్ వాసన. నన్ను చూసి జరిగి, తర్వాత లేచే నిలబడింది.

“కూచోప్పా. నీ పెదాలు నల్లగా ఉండాయి.”

“పర్వాలేదమ్మా, బాగానే ఉండాను.”

“బాగుండేవోళ్లు ఈడికి యెందుకొస్తారు?” అని భుజం నొక్కి కూర్చోబెట్టింది. ఆ పూట నన్ను నమ్మని మొదటి మనిషి ఆమె. నాకు మంచం దొరికేదాకా నిలబడే ఉంది. పేరు అడగలేదు, ఇప్పటికీ ఆ తప్పు గుర్తొస్తుంది.

పది గంటలకు సుగుణ, అమ్మ బస్సులో వచ్చారు. సుగుణ కాగితాలు రాయించడానికి కౌంటరు దగ్గర వరుసలో నిలబడింది. అప్పటికి నాకు మంచం దొరికింది. పక్కన ఒక్కరే ఉండాలన్నారు. అమ్మ ఉంది.

డ్యూటీ డాక్టరు చిన్నమ్మాయి. చింతామణి వైపు పిల్లట, మన మాటే మాట్లాడింది. నిద్ర లేని కళ్లు, నెమ్మదైన గొంతు.

“చూడప్పా, గుండె బాగుండాది. ఊపిరితిత్తుల్లో రక్తం యేమైనా గడ్డ కట్టిందా అని ఒక అనుమానం. కొన్ని ప్రశ్నలు అడుగుతాను. అన్నిటికీ లేదు అంటే ఆ అనుమానం తీసేయొచ్చు. స్కాన్ గూడా అక్కర్లేదు. ఇంటికి పంపిస్తాను.”

చేతిలో కాగితం. అన్నిటికీ లేదు అంటే ఇంటికి. నాకు ఇంక వేరే ఆహ్వానం కావాలా?

“ముందెప్పుడైనా గడ్డ కట్టిందని చెప్పినారా?”

“లేదు మేడం.” ఇది నిజమే.

“దగ్గితే రక్తం?”

“లేదు మేడం.” ఇదీ నిజమే.

“ఈ నెల రోజుల్లో ఆపరేషన్ గానీ, దెబ్బ గానీ, కట్టు గానీ?”

కట్టు విప్పి రెండు వారాలైంది. సోమవారం సెలవు పెట్టానని ఫ్యాక్టరీకి తెలిస్తే చాలదా, మళ్లీ కాలి సంగతి కూడా తెలియాలా?

“లేదు మేడం.”

“ఒక కాలు వాపు, నొప్పి?”

“లేదు మేడం.”

చెప్పి నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకున్నాను. నలభై ఏళ్ల కిందటి శిక్షణ. పక్కన అమ్మ పెదాలు నాతో పాటే కదలడం చూశాను.

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. “మంచిది. ఒక్కసారి కాళ్లు చూసి, ఆక్సిజన్ చూసి పంపిస్తాను,” అంటూ ఉండగానే ఏదో బస్సు ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్లను లోపలికి తెచ్చారు. “ఇప్పుడే వస్తాను,” అని అటు పరిగెత్తింది.

అమ్మ నా నుదురు తుడిచింది. ఆమె నోట్లోంచి తనకు తెలియకుండానే ఆ మాట వచ్చింది.

“బాగా చెప్పినావురా.”

డాక్టరమ్మ వచ్చి కాళ్లు చూస్తే అంతా బయటపడుతుంది. ఆమె వచ్చేలోగా వెళ్లిపోవాలి. “పదమ్మా, పోదాం. యేమీ లేదనింది గదా,” అని మంచం దిగాను. బూటులో కాలు పెట్టి లేసు కట్టడానికి వంగాను. వంగినవాణ్ని లేవలేకపోయాను. గాలి ఎటు పోయిందో తెలియదు. అమ్మ గబగబా నేల మీద కూర్చుని, “ఉండు, నేను కడతాను,” అని బూటు అంచులు రెండూ దగ్గరికి లాగింది. అవి కలవలేదు. మళ్లీ లాగింది. చెయ్యి నెమ్మదిగా పైకి పోనిచ్చి, ప్యాంటు మీదినుంచే పిక్క పట్టుకుంది. తర్వాత కుడిది పట్టుకుంది. మళ్లీ ఎడమది.

తల ఎత్తి నా మొహం చూసింది. నేను ముక్కుతో ఊపిరి తీసుకుంటున్నాను.

ఆ చూపు నేను ముందొకసారి చూశాను, నాయన దిండుకు ఆనుకుని ఉన్న రోజు.

మా అమ్మ ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. నేల మీద కూర్చునే, వార్డంతా తిరిగి చూసేలా కేక పెట్టింది. “మేడమ్మా! ఈడికి రా తల్లీ! వీడు చెప్పిందంతా అబద్ధం!”

డాక్టరమ్మ చేతి గ్లవ్స్ ఊడదీసుకుంటూ వచ్చింది. అమ్మ నా ప్యాంటు మోకాలి దాకా పైకి లాగి పట్టుకుంది.

“చూడు. కట్టు విప్పి పదైదు దినాలైంది. వాపుండాది. నొప్పుండాది, నాకు చెప్పడు. వీడిదేం తప్పు లేదమ్మా. లేదని చెప్పేది నేనే నేర్పించినాను. వీళ్ల నాయనకి నేర్పించినాను. ఆయప్ప నేను చెప్పినట్టే చెప్పినాడు. చెప్పి చెప్పి పోయినాడు. వీడు గూడా…”

డాక్టరమ్మ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. స్టూలు లాక్కుని కూర్చుని, ఆ కాగితం చించి, కొత్తది తీసింది.

“అవ్వా, మళ్లీ మొదటినుంచి అడుగుతాను. ఈసారి మీరు చెప్పండి.”

అదే సోమవారం, మధ్యాహ్నం

స్కాన్‌కు తీసుకెళ్లే ముందు ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. చేతి నరంలోకి మందు ఎక్కిస్తే ఒళ్లంతా వేడినీళ్లు పారినట్టయింది. తర్వాత రిపోర్టు కోసం చూడటం. ఆ గంటన్నర గురించి రాయడానికి నా దగ్గర హాస్యం లేదు. ఊపిరి తీసుకున్న ప్రతిసారీ ఇది ఎన్నోది అని లెక్కపెట్టేవాణ్ని. లెక్క తప్పితే భయమేసేది. సుగుణ మొహం చూడకుండా పైకప్పు చూశాను. ఆమెకు సంగతంతా అప్పుడే తెలిసింది.

డాక్టర్లు ఊపిరితిత్తులు చూస్తుంటే నాకు ఊపిరి తిరగని తిట్లు పడ్డాయి.

“మేజోడు గీత నేను చూడలేదనుకున్నారా? తలుపు యెనకాల బట్టలు మార్చుకుంటా ఉంటే, సిగ్గు గాదు, యేదో దాస్తా ఉండారని తెలీదా నాకు? అడిగితే అబద్ధమాడిస్తానని అడగలేదు. ఆ పనికి నీ పానం…” ఇరవై ఏళ్లలో ఆమె నన్ను ‘నువ్వు’ అనడం అదే మొదలు. అని, నా ఆక్సిజన్ గొట్టం ముక్కులో సరిగ్గా సర్ది, గోడ వైపు తిరిగి ఏడ్చింది.

అమ్మ నా ఎడమ బూటు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

గడ్డ ఉందన్నారు. పిక్కలో పుట్టి, పైకి పాకి, కుడి ఊపిరితిత్తిలో ఇరుక్కుందట. ఇంటికి వెళ్లిపోయి ఉంటే ఏమయ్యేదని సుగుణ అడిగింది. డాక్టరమ్మ, “పోలేదు గదక్కా,” అంది.

మార్చి, ఏప్రిల్

ఐదు రోజులు ఆసుపత్రి. తర్వాత రోజూ మాత్రలు. గడ్డు రోజులంటే గడ్డ ఉన్న రోజులని అప్పటిదాకా తెలియదు. ఇంటికొచ్చాక భయం తగ్గుతుందనుకున్నాను, పెరిగింది. కొంచెం ఆవులిస్తే సుగుణ మిషన్ ఆపేది. మా అమ్మ రోజూ రెండు కాళ్లూ పక్కపక్కన పెట్టించి కొలిచేది. టేపు సుగుణ కుట్టుపెట్టెలోది. రవికల కొలతల పుస్తకంలో నా పిక్కల కొలతలు కూడా చేరాయి. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఫ్యాక్టరీకి నిజం రాశాను. జీవితంలో నేను రాసిన మొదటి నిజమైన సెలవు చీటీ అది. పూర్తిగా నయమయ్యాక చూద్దామని కబురొచ్చింది. ఇంకా చూడలేదు. నా స్థలంలో ఆ చురుకైన మనిషే ఉన్నాడు. నాయన జీవితమంతా తప్పించుకు తిరిగిన ‘అన్‌ఫిట్’ చివరికి నాకు అంటుకుంది. ఆ మాట ఇంటికొస్తే పైకప్పు కూలుతుందని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. కూలలేదు. నిద్ర మాత్రం సరిగ్గా పట్టడం లేదు. సుగుణ మిషన్ ముందుకంటే ఎక్కువసేపు తిరుగుతోంది. ఆ చప్పుడు వింటూ కూర్చోవడం ఆయాసం కంటే కష్టం.

సిమెంటు కట్టు వేయించుకున్నవాళ్లకు ఒక మాట. పిక్క బరువెక్కినా, ఒక కాలు లావెక్కినా అడగకముందే చెప్పండి. అడిగితే అసలు దాచకండి. ప్రశ్నలడిగే డాక్టరు మిమ్మల్ని పనిలోంచి తీసేయడానికి రాలేదు. ఆమె కాగితం మీద మీరు రాయించే ప్రతి అబద్ధపు ‘లేదు’కీ మీరు కూడా లేకుండా పోయే వీలుంది.

జూన్

గత వారం మూడోసారి చూపించుకోవడానికి కోలారు వెళ్లాను. అమ్మ వస్తానంది, ప్రతిసారీ వస్తుంది. నన్ను నమ్మదు. అదే డాక్టరమ్మ, అదే నెమ్మదైన గొంతు.

“మెట్లెక్కితే ఆయాసం ఉండాదా?”

“రెండో అంతస్తు దాటితే కొంచెం ఉండాది మేడం.”

“కాలు?”

“సాయంత్రానికి స్వల్ప వాపు.”

ఆమె రాసుకుని తల ఎత్తింది. నా వైపు కాదు. అమ్మ గుమ్మం దగ్గర గోడకు చెయ్యి ఆనించి నిలబడి ఉంది. ర్యాంపు ఎక్కి వచ్చి అప్పటికి పావుగంటైంది. నోరు మూసి ఉంది. ముక్కుపుటాలు మాత్రం లేస్తూ దిగుతూ ఉన్నాయి.

నా కాళ్లు కొలిచిన మనిషి ఊపిరిని నేను ఒక్కసారీ కొలవలేదు.

“అవ్వా, మీకు ఆయాసం ఉండాదా?” అంది డాక్టరమ్మ.

“లేదు మేడం,” అంది అమ్మ. ఒక్క ఊపిరితో, తడుముకోకుండా, నాయన కంటే బాగా.

డాక్టరమ్మ నన్ను చూసింది. నేను లేచి అమ్మ దగ్గరికి వెళ్లాను. నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. పలక లేదు. పెద్ద గొంతు కూడా ఇప్పుడు లేదు. ఎదురుగా నిలబడి అడిగాను.

“మెట్లెక్కితే ఆయాసం ఉండాదా?”

అమ్మ నన్ను చూసింది. గోడ మీది చెయ్యి జారి నా చేతి మీదికి వచ్చింది.

“ఉండాది,” అంది. “మెట్లెక్కకున్నా ఉండాది. రెండేండ్లయింది.”

“బాగా చెప్పినావమ్మా,” అన్నాను.

డాక్టరమ్మ కొత్త కాగితం తీసింది. నా కుర్చీ అమ్మకిచ్చి, పక్కన నిలబడ్డాను. ప్రశ్నలు చాలానే ఉన్నాయి. చివరిదాకా నిలబడే ఉన్నాను.